పొతోసీ కొండ, ఎలీశమ్మ కడియం

సిస్టర్ ఫెలీపా గుడ్డసంచి విప్పి, నల్లటి గులకరాళ్లలాంటివి గిన్నెలో పోసి నీళ్లు పడుతుంటే ఎలీశమ్మ పొయ్యి ఊదడం ఆపి చూస్తూ ఉండిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ మిషన్ హాస్టల్లో పదేళ్లుగా వంట చేస్తోంది. పప్పు నానబెట్టింది, చింతపండు నానబెట్టింది. రాళ్లు నానబెట్టే మనిషిని చూడటం అదే మొదలు.

అరవై తొమ్మిది, జూన్ మొదటి వారం. తెలంగాణ ఉద్యమంతో బడులు మూతపడ్డాయి, హాస్టల్ పిల్లలు ఊళ్లకు పోయారు. పట్నంలో కాల్పులు, కర్ఫ్యూ. మూసారాంబాగ్ వంతెన దాటి బస్సు రావడం లేదు. కరీంనగర్ వైపు కుష్ఠురోగుల దవాఖానలో పనిచేయడానికి బొలీవియా అనే దేశం నుంచి వచ్చిన ఫెలీపా, ఒక్కపూట ఆగుదామని దిగి ఆరు రోజులుగా ఇక్కడే చిక్కుకుపోయింది. ఆమె, ఎలీశమ్మ, లెక్కల టీచరు సూర్యప్రభ. అంత పెద్ద హాస్టల్లో ముగ్గురే ముగ్గురు.

సూర్యప్రభది ఆంధ్రా వైపు బందరు. ఆమెతో ఎలీశమ్మ అవసరమైనంత వరకే మాట్లాడేది. ఎలీశమ్మ మరిది యోబు మెట్రిక్ పాసై నాలుగేళ్లు ఖాళీగా తిరిగాడు. మన కొలువులు మనకే కావాలని ఊరేగింపులో పోతే లాఠీ దెబ్బకు చెయ్యి విరిగింది. అందులో టీచరమ్మ తప్పేమీ లేదని ఎలీశమ్మకు తెలుసు. తెలిసినా మాట కలవదు.

"అవి రాళ్లు కావు" అంది సూర్యప్రభ. ఫెలీపా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేదాన్ని తెలుగులో చెప్పే పని ఆమెదే. "బంగాళాదుంపలట."

"అంటే?"

"అదే, మీరు ఆలుగడ్డలంటారు కదా."

ఎలీశమ్మ నమ్మలేదు. ఫెలీపా నవ్వి, చేతులతో చూపిస్తూ చెప్పింది. వాళ్ల ఊరు చెట్టు కూడా మొలవనంత ఎత్తులో ఉంది. ఇప్పుడు అక్కడ గడ్డకట్టే చలి. రాత్రి గడ్డలను ఆరుబయట పరిస్తే మంచుకు బిగుసుకుపోతాయి. పొద్దున ఎండకు మెత్తబడ్డాక ఆడా మగా అందరూ కాళ్లతో తొక్కి నీళ్లు పిండుతారు. మళ్లీ చలి, మళ్లీ ఎండ. ఆఖరికి ఇలా రాళ్లవుతాయి. ఏళ్ల తరబడి చెడవు.

"ఇప్పుడు చలికాలమా ఆడ?" బయట ఎండ నిప్పులు కక్కుతోంది. ఎలీశమ్మ చెంగుతో మెడ తుడుచుకుంటూ, మంచులో గడ్డలు తొక్కుతున్న ఆడవాళ్లను ఊహించుకోవాలని చూసింది. ఊహకు అందలేదు.

మర్నాటికి రాళ్లు నిజంగానే మెత్తబడ్డాయి. వంటింట్లో కూరగాయలు నిండుకున్నాయి. ఇవాళ వంట నాది అంది ఫెలీపా. పల్లీలు తీసుకుంది. ఎలీశమ్మ వేయించబోతే వద్దని ఆపి, పచ్చివే నానేసి సన్నెకల్లు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పొత్రాన్ని ముందుకూ వెనక్కూ దొర్లించలేదు. రెండు కొసలూ పట్టుకుని తొట్టెల ఊపినట్టు అటూ ఇటూ ఊపుతూ నూరింది. ఆ ముద్దను ఉడుకుతున్న గడ్డల్లో కలిపి, అదే రాతి మీద పెరట్లో కోసుకొచ్చిన టమాటాలు, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర, ఉప్పు కచ్చాపచ్చాగా నూరింది.

"ఇది మన పచ్చడే గద టీచరమ్మా" అంది ఎలీశమ్మ తెలియకుండానే.

అలవాటు లేని ఆ పిలుపుకు సూర్యప్రభ ఒక క్షణం తడబడి, ఫెలీపాను అడిగి చెప్పింది. "వాళ్లమ్మ రోజూ ఇలాగే నూరేదట. ఇంకో సంగతి. ఈ గడ్డలు, పల్లీలు, మిరపకాయలు, అన్నీ మొదట వాళ్ల కొండల వైపు పండినవేనట."

"మిరపకాయ గూడనా?"

"మిరపకాయ కూడా."

"మరి మన తాతల తాతలు దేంతోని తిన్నరు?"

"మిరియాలతో."

ఎలీశమ్మ చేతిలోని మిరపకాయను తిప్పి తిప్పి చూసింది. పుట్టిన ఊళ్లో వాళ్లమ్మ పాలు మాన్పించడానికి రొమ్ముకు రాసుకున్నది అదే. దిష్టి తీసి పొయ్యిలో వేసిందీ అదే. అంతకంటే మనదైన వస్తువు లోకంలో ఇంకోటి ఉందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

ముగ్గురూ కింద కూర్చుని తిన్నారు. పులుసు తెల్లగా, చిక్కగా, కమ్మగా ఉంది. నల్లగడ్డలు మట్టి వాసన వేశాయి. వడ్డిస్తున్నప్పుడు ఎలీశమ్మ చేతి కడియం ఫెలీపా కంటపడింది. వెండిదేనా అని అడిగింది.

"మా నాయనమ్మది. పాత రూపాయిలు కరిగిచ్చి చేపిచ్చిన్రట. పెండ్లినాడు ఎక్కింది, మల్ల ఊడి రాలే."

ఫెలీపా తినడం ఆపింది. తర్వాత చాలాసేపు మెల్లగా మాట్లాడింది. సూర్యప్రభ మధ్యమధ్య ఆగి, మాటలు వెతుక్కుంటూ చెప్పింది.

వాళ్ల ఊరు పొతోసీ. ఊరి మీద ఎర్రటి కొండ. నాలుగు వందల ఏళ్ల కిందట స్పెయిన్ వాళ్లు అందులో వెండి కనిపెట్టారు. చుట్టుపక్కల పల్లెల నుంచి ఏడుగురిలో ఒకడు వంతుకు రావాలని మగవాళ్లను పట్టుకొచ్చి లోపలికి దించారు. వారమంతా చీకట్లోనే. బయటికి రానివాళ్లు ఎందరో లెక్క లేదు. ఆ వెండి ఓడలెక్కి లోకమంతా పోయింది. ఇప్పుడు మిగిలింది తగరమే. దాన్ని తవ్వుతూ వాళ్ల నాన్న ముప్పై ఎనిమిదేళ్లకే ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని పోయాడు.

అంత చెప్పి సూర్యప్రభ ఉన్నట్టుండి ఆగింది. "ఎలీశమ్మా, ఆ వెండి ఓడల్లో కొన్ని మా బందరుకే వచ్చేవి. మా అద్దకం బట్టలకు వెండి ఇచ్చేవాళ్లు. బందరు నుంచి బళ్ల మీద గోలకొండకు వచ్చేది."

"అంటే..."

"నీ కడియంలోది ఆ వెండేనని ఎవరూ చెప్పలేరు. కావచ్చు."

ఫెలీపా ఎలీశమ్మ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, వంగి, కడియానికి నుదురు ఆనించింది. ఇరవై ఏళ్లుగా గిన్నెలు తోముతూ, పిండి పిసుకుతూ కడియం బరువే ఎరగని ఆ చెయ్యి ఎలీశమ్మకు ఒక్కసారిగా బరువనిపించింది. ఎవరో చీకట్లో తవ్వారు. ఎవరో మోశారు. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్ల చేతులు పట్టిందేదో తన చేతికి ఉంది.

రెండు రోజులకు కర్ఫ్యూ సడలించారు. తెల్లారే బస్సుకు ఫెలీపా వెళ్లిపోయింది. దుమ్ము సర్దుకునే దాకా రోడ్డు మీద నిలబడి ఇద్దరూ వెనక్కి మళ్లారు. ద్రాక్షతోటల పక్కగా నడుస్తూ ఎలీశమ్మ అడిగింది.

"టీచరమ్మా, సముద్రం ఎట్లుంటది?"

సూర్యప్రభ నడక ఆపింది. నాలుగేళ్లలో ఎలీశమ్మ తనంతట తాను ఆమె ఊరి సంగతి అడగడం అదే మొదలు.

"మా ఇంటి నుంచి కనపడదు" అంది. "కానీ గాలి మారినప్పుడు వినపడుతుంది. ముందు అది చెబుతాను."