తాగని నీళ్ళ బాకీ

మోటారుసైకిలు చప్పుడు వినబడితే చాలు, నసాంబు చేతిలో పని జారిపోతోంది. చెరకు తోటల మధ్య దారిన ఏ బండి ఎక్కి వస్తున్నా, అది తన వాకిట్లోనే ఆగుతుందేమోనని లేచి నిలబడుతుంది. అది పక్కవాళ్ళ మలుపు తిరిగిపోయాక కూర్చుంటుంది. కూర్చున్నా కుదురుండదు. మొన్న ఆకుకూర తరుగుతూ కాడలు గిన్నెలో వేసి, ఆకంతా పెంట దిబ్బ మీద పోసి వచ్చింది.

ఇదంతా ఫోనుతో మొదలైంది. బాకీలు వసూలు చేసే కంపెనీ నుంచి ఎవరో పడుచుపిల్ల గొంతు, తేనె పూసినట్టు మాట్లాడింది. "ఖాయెంబా గారి భార్యేనా అమ్మా? పట్నంలో మీ ఇంటి నీళ్ళ బిల్లు పాతది ఉండిపోయింది. నలభై ఒక్క వేల షిల్లింగులు. కట్టకపోతే మా మనిషి వచ్చి ఉన్నదేదో తీసుకుపోతాడు."

ఆ ఇంట్లో తీసుకుపోవడానికి ఉన్నదల్లా పాలిచ్చే ఆవు ఒక్కటే. కూతురు నెలిమా బడి ఫీజు, ఉప్పు, సబ్బు అన్నీ దాని పొదుగులోంచే రావాలి. అది పోతే పిల్ల బడి మానేసి చెరకు కోతకు పోవలసిందే.

పట్నం ఇల్లు ఖాళీ చేసి ఎనిమిదేళ్ళయింది. ఖాయెంబా పోయి మూడేళ్ళు. వీళ్ళు వచ్చేశాక ఆ కుళాయి కింద ఎవరు స్నానాలు చేశారో, ఎవరు గుడ్డలుతికారో, నీళ్ళు మాత్రం ఖాయెంబా పేరనే పారాయి. ఆ సంగతే చెబితే ఫోనులో పిల్ల "రుజువేదమ్మా?" అంది. ఇంటి యజమాని ఎప్పుడో ఇల్లమ్ముకుని ఎటో పోయాడు. ఇక రుజువు ఎవరినడగాలి?

గురువారం పొద్దున ఆవును గట్టు మీద కట్టి వస్తుంటే బండి నిజంగానే ఆగింది. హెల్మెట్ తీసిన మనిషిని చూసి నసాంబు నోరు తెరిచింది. ముఖ్వానా! ఖాయెంబాతో పాటు ఒకే తెల్లవారుజామున, ఒకే కత్తికి నిలబడి సున్తీ చేయించుకున్నవాడు. ఆ జతను బకోకి అంటారు. బకోకిలు ఒకరి మీద ఒకరు చెయ్యెత్తరు. ఒకడు పోతే రెండోవాడే పదిమందిలో లేచి అతని అప్పులూ ఆస్తులూ చెప్పాలి.

"బాగున్నావా వదినా? ఆవు బాగా ఒళ్ళు చేసిందే!"

"ఆవును తర్వాత చూద్దువులే. మెడలో ఆ బిళ్ళేంటి? సంతలో అమ్మకానికి పెట్టిన గొర్రెలా ఉన్నావు."

ముఖ్వానా కంపెనీ బిళ్ళను చొక్కాలోకి తోసుకున్నాడు. "బాకీల వసూలు ఉద్యోగం. ఆర్నెల్లయింది. ఈ కొండ మీద ఇళ్ళన్నీ తెలిసినవాణ్ణని ఇటు వేశారు."

"అందుకే మా కుక్క మొరగలేదు. చుట్టమనుకుంది, పాపం."

"నన్నేం చెయ్యమంటావు వదినా? కాయితం మీద వాడి పేరు చూడగానే నా గుండె జారిపోయింది. పోనీ ఒక పని చెయ్యి. ఒక్క వెయ్యి కట్టు చాలు. మిగతాది నేను చూసుకుంటా."

"వెయ్యి కడితే బాకీ ఉందని ఒప్పుకున్నట్టేగా?"

ముఖ్వానా బండి అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

"అడుగుతున్నా. అవునా, కాదా?"

"అవుననుకో."

"రేపు ఇంకొకడొచ్చి మిగతాదానికి ఆవు తాడు పట్టుకుంటాడు. నువ్వు నీ కమీషన్‌తో మాంసం వండించుకుంటావు. అంతేగా మరిదీ?"

కోపమొచ్చినా ఇంటికొచ్చినవాడికి పీట వేయక తప్పదు. టీ పోసి తెచ్చి అతని ముందు పెట్టింది. తను మాత్రం కూర్చోలేకపోయింది.

"ఆయన పోయాక మేం తలలు గొరిగించుకున్న రోజు ఈ వాకిట్లో ఎవరెవరున్నారు?"

"ఊరంతా ఉంది."

"పోయినవాడు ఎవరికేం బాకీ అని ఊరి పెద్దాయన అడిగితే ఎవరు లేచారు?"

ముఖ్వానా చూపు వాకిలి చివర ఉన్న ఖాయెంబా గోరీ మీదికి పోయింది.

"నువ్వు లేచావు. తడి ఆరని గోరీ వైపు చెయ్యి చూపి, కొట్టు సిమియుకి ఒక మేకపిల్ల తప్ప నా బకోకి ఎవరికీ ఏమీ బాకీ లేడన్నావు. ఆ మేకపిల్లను అప్పటికప్పుడే తోలిచ్చాం. ఆయన లెక్క అక్కడితో మూశారు. ఇప్పుడీ కాయితం నిజమైతే, ఆ రోజు గోరీ ముందు నువ్వాడింది అబద్ధం. ఆదివారం మళ్ళీ అందర్నీ పిలుస్తా. లేచి నీ మాట వెనక్కి తీసుకో. ఆవును నేనే విప్పి ఇస్తా."

ముఖ్వానా ముఖం బూడిద రంగుకు తిరిగింది. బకోకి గోరీ ముందు అబద్ధమాడినవాణ్ణి రాగుల కల్లు కుండ చుట్టూ నలుగురితో కూర్చోనివ్వరు. వాడి కొడుకుల సున్తీకి గడప దాటి ఎవరూ రారు.

"నేను అబద్ధమాడలేదు వదినా! ఇల్లు ఖాళీ చేసిన రోజు మీ సామాను తోపుడు బండి మీద తోసింది ఎవరు? మంచం కోడు గీరుకుని నా వీపు చీరుకుపోలేదూ? వాడు తాళాలు యజమాని చేతిలో పెడుతుంటే నేను పక్కనే ఉన్నా."

"నాకు చెబుతావేంటి? వాళ్ళకు రాసివ్వు."

"వసూలుకు వచ్చినవాడే సాక్షి సంతకం పెడితే ఉద్యోగం ఉంటుందా? నాకూ పిల్లలున్నారు."

అది నిజమే. జాలిపడితే ఆవు పోతుందని పళ్ళు బిగించి, గోరీ వైపు చూస్తూ నిలబడింది. టీ మీద మీగడ కట్టింది. ముఖ్వానా దాన్ని ముట్టలేదు. లేచి, బండి సీటు మీద కంపెనీ కాయితం పరిచి, ఎనిమిదేళ్ళ కిందట తాళాలిచ్చిన సంగతి రాయసాగాడు.

"మీ నాన్న పేరు కూడా రాయి. ముఖ్వానాలు సంతకు పదిమంది."

రాశాడు.

"ఇంకోటి రాయి. అది నా దగ్గరుంటుంది."

"నన్ను నమ్మవా?"

"నా మొగుడి బకోకిని నమ్ముతా. బిళ్ళ వేసుకున్నవాడి సంగతే తెలీదు."

రెండోదీ రాసి ఇచ్చాడు. "దీంతో అయిపోయిందనుకోకు. నీ ముఖం కూడా ఎరగనివాణ్ణి పంపుతారు."

"రానీ. చదువొచ్చినవాడేగా వచ్చేది, చదువుకుంటాడు."

ముఖ్వానా నవ్వబోయి ఆగిపోయాడు. బండి దిగువకు పోయి, దారులు చీలేచోట ఆగింది. హెల్మెట్ తీసి వెనక్కి చూశాడు. నసాంబు కాయితాన్ని జాకెట్టులో దోపుకుని, దాని మీద అరచెయ్యి అదిమి పట్టుకుంది. తిరిగొచ్చి ఇచ్చెయ్యమంటాడా? తన దగ్గరున్నదాన్ని చించేస్తాడా? ఎంతసేపటికీ అతను కదలలేదు.

ఎడమ దారి అతని ఇంటికి. కుడి దారి పట్నంలో ఆఫీసుకు. ముఖ్వానా బండిని కుడివైపుకు తిప్పాడు.