ఎర్ర గీత మీద నాంపల్లి దాకా

ఉస్మాన్‌గంజ్‌లో మినప్పప్పు మూట, నూనె డబ్బా స్కూటర్ మీద పెట్టేసరికి నాంపల్లి బడి నుంచి ఫోన్ వచ్చింది. మా పాప అక్షితకు ఒళ్లు కాలిపోతోందట, వెంటనే రమ్మన్నారు. పెట్రోల్ ముల్లు చూస్తే ఎర్ర గీత మీద ఉంది. ట్యాంకర్ల సమ్మెతో బంకులన్నీ బంద్. ఆటోలు కూడా బంకుల ముందే బారులు తీరి ఉన్నాయి.

మా ఆయన విజయేందర్ బండి స్టార్ట్ చేసి గట్టిగా రేజ్ చేశాడు. "ఎక్కు మృదులా! పెట్రోల్ అయిపోకముందే జల్ది పోవాలె."

ఆ మాట తప్పని నాకు గట్టిగా తెలుసు. జల్దీగా పోతే పెట్రోల్ ఇంకా ముందే అయిపోతుంది. అబిడ్స్‌లో మా టిఫిన్ బండి దగ్గర ఆయన పాలు కాచేదీ ఇలాగే. పెద్ద మంట పెట్టి పొంగిస్తాడు, నీళ్లు చల్లి అణుస్తాడు, మళ్లీ మంట పెంచుతాడు. ఆయన చేతిలో సిలిండర్ నిలవదు. స్కూటరూ అంతే. యాక్సిలరేటర్ గుంజుతాడు, బ్రేకు కొడతాడు, మళ్లీ గుంజుతాడు. తొమ్మిదిలోనే బడి మానేసినదాన్నే, కానీ మంట సంగతి నాకు తెలుసు.

"దిగున్రి. నేను నడుపుత."

"నువ్వా? గీ ట్రాఫిక్‌ల?"

"మూట దించున్రి. డబ్బా గూడ. మీరు గూడ ఈడనే ఉండున్రి."

"నేనెందుకే?"

"అన్నిట్ల పెద్ద మూట మీరే."

కొట్టు యజమాని శ్రీపతన్న పడీపడీ నవ్వాడు. "దిగు తమ్మీ. పప్పు పక్కన కూసోబెడత, ఫికర్ చెయ్యకు."

బయలుదేరాను. మొజంజాహీ మార్కెట్ దాకా ఒకటే వేగం. ముందు బస్సు వెనక లైటు ఎర్రబడగానే యాక్సిలరేటర్ వదిలేస్తే, బండి మెల్లగా సాగి దాని వెనక నిలబడేది. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపేశాను.

"ఏందమ్మా, పండుకున్నవా?" అని వెనక ఎవరో హారన్ కొట్టాడు.

"ఔ, పండుకున్న. పచ్చ లైటు పడ్డంక లేపు!"

నోరు అలా అంటోంది గానీ, పిల్లకు ఫిట్స్ వస్తాయేమోనని భయం. చెయ్యి గుంజమంటోంది. గుంజలేదు.

బడిలో ఆయా శంకరమ్మ ఒళ్లో పడుకుని ఉంది అక్షిత. "డాడీ ఏడి?" అంది కళ్లు తెరిచి.

"పప్పుకు కాపలా ఉన్నడు బిడ్డా."

శంకరమ్మ పిల్లను చున్నీతో నా నడుముకు కట్టింది. వచ్చినట్టే మెల్లగా అబిడ్స్ డాక్టరు దగ్గరికి చేరాను. గొంతు వాచిందనీ, భయం లేదనీ చెప్పి ఆయన మందిచ్చాడు.

బయటికి వచ్చేసరికి, బడి నుంచి నేను చేసిన ఫోన్ అందుకుని మా ఆయన రిక్షాలో మూట, డబ్బాతో సహా దిగాడు, చెమటలు కక్కుతూ. "బండి ఎక్కడిదాక తోసినవ్?"

"తోసుడెందుకు? చూడున్రి." బటన్ నొక్కాను. ఇంజన్ అందుకుంది.

ఆయన హ్యాండిల్ మీదికి చెయ్యి చాపాడు. నేను జరగలేదు.

"మరి పెద్ద మూట ఎక్కొచ్చా?"

"పిల్లను ఒళ్ల పెట్టుకోని ఎక్కున్రి."

సామాను రిక్షాలోనే పంపించేశాం. పోస్టాఫీసు ముందు సిగ్నల్ పడింది. నా చెయ్యి తాళం దగ్గరికి పోకముందే వెనక నుంచి ఆయన గొంతు:

"బంద్ చెయ్, బంద్ చెయ్!"