మూడో ప్రశ్నకు మంజుల జవాబు

గురువారం వచ్చిందంటే సరోజన మేడం సూర్యాపేట బస్టాండులో ఏడున్నర బస్సే ఎక్కేది. ఒళ్లో టిఫిన్ డబ్బా, సంచిలో తొమ్మిదో తరగతి స్లిప్ టెస్టు కాగితాలు, పర్సులో మూడు ఎర్ర పెన్నులు. ఒకటి రాయకపోతే రెండోది, అదీ మొరాయిస్తే మూడోది. బస్సు దురాజ్‌పల్లి గుట్ట దాటుతుంటే కిటికీలోంచే లింగమంతుల స్వామికి దండం పెట్టుకునేది.

"స్వామీ, ఇయ్యాల ఒక్క పిల్ల గూడ తప్పు రాయకుండ సూడు."

ఏ టీచరైనా మొక్కే మొక్కే కదా అంటారేమో. ఆగండి, చెప్తాను. చివ్వెంల అవతల, పెద్దరోడ్డుకు దగ్గర్లో ఉన్న ఆ హైస్కూలు సంగతి వేరు.

ఆ బడిలో కూర్చుని ఎవరైనా ఫిజిక్స్ పరీక్షలో ఒక తప్పు జవాబును మనసారా నమ్మి రాస్తే, దాని మీద ఎర్ర సిరా పడేదాకా ఆ తప్పు వాళ్లింటికి నిజమై కూర్చునేది. తెలిసీ తెలిసీ రాసిన తప్పుకు ఏమీ కాదు. పక్కవాడిది చూసి రాసినదానికీ ఏమీ కాదు. నమ్మి రాయాలి. అది రాసినవాళ్ల ఇంటి మనుషులకే తగిలేది, వాళ్లు ఏ ఊళ్లో ఉన్నా సరే. పక్కింటి గడప తొక్కేది కాదు.

అద్దంలో బొమ్మ తలకిందులుగా పడుతుందని పవన్ రాసిన రోజు, వాళ్లమ్మ రాధమ్మ పెళ్లికి తయారవుతూ బొట్టు గడ్డానికి పెట్టుకుంది. బడికి కబురు పంపింది: "మావోని కాగితం జర జల్ది దిద్దుమనుండ్రి, అవతల ముహూర్తం దాటిపోతున్నది." కంట్లోంచి వెలుతురు పోయి వస్తువు మీద పడితేనే మనకు కనిపిస్తుందని స్వాతి రాసినప్పుడు, కరెంటు పోయిన ఆ ఇంట్లో వాళ్ల తాత కళ్లు తెరిచి పట్టుకున్నాడు, ఆ వెలుగులో ఇంటిల్లిపాదీ అన్నాలు తిన్నారు.

ఇవి నవ్వుకునేవి. నవ్వలేనివీ ఉన్నాయి. మరిగే నీళ్ల వేడి అట్లా పెరుగుతూనే పోతుందని బీరన్న రాసిన నాడు వాళ్ల వదిన ఎసట్లో గరిటె పెట్టింది. ఆమె చేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. అప్పటినుంచి మేడం పరీక్ష అయిన గంటలోపు దిద్దేసేది.

ఆ తరగతిలో ప్రవళిక అని ఒక పిల్ల. చురుకైందే, కానీ ఒక్క దగ్గర మొండి. తోసేవాడు లేకపోతే కదిలే వస్తువు అక్కడికక్కడ ఆగిపోతుందంటుంది. జడత్వం అంటే ఏమిటో మేడం గోలీలు దొర్లించి చూపించింది, సైకిలు తొక్కించి చూపించింది. మూడు నెలలు చెప్పింది. ఆ పిల్ల తండ్రి జంగయ్య మేళ్లచెరువు నుంచి సిమెంటు తోలే లారీ డ్రైవరు. లారీ నడిపేవాడి బిడ్డ ఇట్లాంటిది నమ్మి రాస్తే రోడ్డు మీద ఏమవుతుందోనని, మేడం స్లిప్ టెస్టుల్లో ఆ పాఠం జోలికే పోలేదు.

కానీ ఆ గురువారం ప్రశ్నలు మేడంవి కావు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బడులన్నిటికీ ఒకటే కాగితం. పిల్లలకు మూల విషయాలు వస్తాయా రావా అని ఐదు ప్రశ్నలు. పరీక్ష పెట్టి అక్కడే దిద్దడానికి కోదాడ నుంచి గోపాల్ సారు వచ్చాడు. ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్న మనిషి.

మూడో ప్రశ్న చదవగానే మేడం చూపు ప్రవళిక బెంచీ మీదికి పోయింది. 'వేగంగా పోతున్న లారీ ఇంజన్‌ను డ్రైవరు ఆపివేస్తే లారీ ఏమవుతుంది? ఎందుకు?'

కిటికీ పక్కన ప్రవళిక తల వంచుకుని రాస్తూ ఉంది. మేడం రెండుసార్లు అటు నడిచి, చూసే ధైర్యం లేక రెండుసార్లు వెనక్కి వచ్చింది.

పదకొండున్నరకు కాగితాలు తీసుకున్నారు. గోపాల్ సారు ఎర్ర పెన్ను మూత తీశాడు. "మీ బడి గురించి విన్నానండీ. గబగబా దిద్దేస్తాను, భయపడకండి" అన్నాడు.

నాలుగు కాగితాలు అయ్యాయో లేదో, వంటగది నుంచి మంజుల పరుగెత్తుకొచ్చింది. బడిలో మధ్యాహ్నం అన్నం వండేది ఆమే, ప్రవళిక తల్లి. చేతిలో ఫోను, ఆ చేతి నిండా పప్పు.

"మేడం! మా ఆయన..."

స్పీకరు పెట్టిన ఫోనులో హారన్ ఆగకుండా మోగుతోంది. ఆ మోత మధ్యలో జంగయ్య గొంతు. "మంజులా, బ్రేకులు పోయినయే. గేరు గూడ పడ్తలేదు. దిగుట్ల ఉన్న. బిడ్డను మంచిగ సదివియ్యి."

"జంగయ్యా, నేను సరోజనను. యాడున్నవ్?"

"కోదాడ దాటి సూర్యాపేట దిక్కు వస్తున్న మేడం. ముందట రోడ్డు పని నడుస్తున్నది, ఒక్కటే లైను. ఆడోళ్లు పనిజేస్తున్నరు గాడ. నాలుగైదు కిలోమీటర్లు ఉంటదేమో."

మేడం ప్రవళిక వైపు తిరిగింది. ఆమె ఆ క్షణంలో ఏం మొక్కిందో చెబితే మీరు నమ్మరు. పొద్దున స్వామిని ఏది అడిగిందో, ఇప్పుడు దానికి ఎదురుది అడిగింది.

"ప్రవళికా, మూడో ప్రశ్నకు ఏం రాసినవ్?"

"కరెక్టే రాసిన మేడం. ఎంటనే ఆగదని రాసిన. జడత్వం అని రాసిన." అంటూనే బావురుమంది.

ఒప్పు రాసినందుకు పిల్ల అట్లా ఏడవడం ఆ బడి ఎప్పుడూ చూడలేదు.

"ఇంకో కాగితం ఇయ్యుండ్రి మేడం! ఆగుతదని రాస్త!"

"లాభం లేదు బిడ్డా. నీకిప్పుడు తెలుసు."

గోపాల్ సారు లేచి నిలబడ్డాడు. "ఆ ఇంట్లో ఇంకెవరున్నారండీ?"

మేడం మంజులను చూసింది. పప్పు చేతిని కొంగుకు తుడుచుకుంటూ, ఫోనును గుండెకు అదుముకుని నిలబడ్డ మనిషిని. నాలుగో తరగతితో ఆగిపోయింది. ఆ పాఠం ఆమెకెవరూ చెప్పలేదు.

"మంజులా, గీడ కూసో. ఈ కాగితం తీసుకో."

"కాగితమేంది మేడం! ఆయన ఆడ సస్తుంటే నాకు పరీక్షనా?"

"కూసో చెల్లె. ఒక్కటే ప్రశ్న. లారీ జోరుగ పోతున్నది. డ్రైవర్ ఇంజన్ బంద్ చేసిండు. లారీ ఏమైతది?"

మంజుల బెంచీ అంచు మీద కూలబడింది. "తప్పు రాయాల్నా మేడం?"

"తప్పో ఒప్పో నాకొద్దు. నీ మనసుకు ఏది నిజమో అది రాయి."

"ఇంజన్ బంద్ అయితే బండెట్ల పోతది? తోసేటోడేడి? మిక్సీ బంద్ జేస్తే ఆగదా?"

"గదే రాయి."

ప్రవళిక తన చున్నీ కొసను నోట్లో కుక్కుకుంది. మిక్సీ స్విచ్ ఆపాక కూడా బ్లేడు కాసేపు తిరుగుతుందని మేడం చెప్పిన మాట ఆమె నాలుక చివరే ఉంది. అది బయటపడితే తండ్రి దక్కడు.

మంజుల పెన్ను పట్టుకుంది. పాతికేళ్లుగా సంతకం తప్ప ఏమీ రాయని చెయ్యి. 'ఇంజను' అని రాయడానికే ఎంతసేపు పట్టిందో. "సున్న పెట్టాల్నా?" అని అడిగింది. "ఎట్లైనా ఫరవాలేదమ్మా" అన్నాడు పవన్. ఫోనులో జంగయ్య కేకలు వేస్తున్నాడు: "మూడు కిలోమీటర్లు! బోర్డు కనవడ్తున్నది!"

'ఇంజను ఆగితే లారి ఆగుతది. తోసేటోడు లేడు గనక.'

రాయడం అయిపోగానే గోపాల్ సారు ఎర్ర పెన్ను పట్టిన చెయ్యి తనంతట తానే ఆ కాగితం మీదికి జరిగింది. ముప్పై ఏళ్ల అలవాటు. మేడం ఆ మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆయన ఉలిక్కిపడి, పెన్నుకు మూత పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"జంగయ్యా! కీ తిప్పు. ఇంజన్ బంద్ చెయ్యి."

"స్టీరింగ్ గట్టిపడ్తది మేడం! ఇప్పుడన్న పక్కకు తిప్పుకుంట వస్తున్న. బంద్ జేస్తే అది గూడ ఉండది!"

"కాగితం మీద ఉన్నది. తిప్పు."

"ఎవలు రాసిండ్రు? నా బిడ్డనా?"

"నీ పెండ్లాం రాసింది."

హారన్ ఒక్కటే మోగుతోంది. తర్వాత జంగయ్య అన్నాడు: "మంజుల రాసిందా? అయితే ఇగ నడువది. మా ఇంట్ల గూడ ఆమె మాటనే."

హారన్ ఆగిపోయింది.

వంటగదిలో అన్నం అడుగంటిన వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు. మంజుల తాను రాసిన కాగితం మీద రెండు అరచేతులూ ఆనించి, గాలికి కూడా అందనీయకుండా కప్పుకుని కూర్చుంది.

"ఆగింది." జంగయ్య గొంతు చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది. "నడిరోడ్డు మీద, దిగుట్లనే ఆగింది. ఒక్క కుదుపు లేదు. ముందట మూత లేని నీళ్ల సీసా ఉన్నది, సుక్క ఒలకలే. ఆడోళ్లు పారలు పట్టుకొని నా దిక్కే సూస్తున్నరు."

"దిగు. టైర్లకు రాళ్లు పెట్టు" అంది మేడం. తర్వాత గోడకు ఆనుకుని అట్లాగే నేల మీద కూర్చుండిపోయింది.

మిగిలిన కాగితాలు దిద్దారు. ప్రవళికకు ఐదుకు ఐదు వచ్చాయి. మంజుల కాగితాన్ని మేడం ఎర్ర పెన్నుల పర్సుకు దూరంగా, ఖాళీ టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించింది. "మెకానిక్ వచ్చి బ్రేకులు చూశాక దిద్దొచ్చు లెండి" అన్నాడు గోపాల్ సారు. మేడం తల ఊపింది. ఊపింది కానీ దిద్దలేదు. మరునాడూ దిద్దలేదు.

ఆ గురువారం సాయంత్రమే నాలుగున్నరకు జంగయ్య ఫోను చేశాడు. మెకానిక్ వచ్చాడట, బ్రేకులు బాగయ్యాయట, చీకటి పడకముందే ఇంటికొస్తాడట. మంజుల స్వామికి దండం పెట్టుకుని, వాకిట్లోకి పోయి కోళ్లకు నూకలు చల్లింది. గుప్పిట నిండా తీసి దూరంగా విసిరింది. తోసే చెయ్యి వదిలిన చోటే గింజలన్నీ నిలువునా జారి ఆమె పాదాల చుట్టూ పడ్డాయి. మళ్లీ విసిరింది. మళ్లీ అంతే.

"బిడ్డా, మేడంను మార్కులడుగ బుద్ధి గాలే. నేను రాసింది ఒప్పేనా?"

ప్రవళిక గడపలో నిలబడి చూసింది. మూడు నెలలు కష్టపడి నేర్చుకున్న జవాబు ఆమెకు తెలుసు. బ్రేకులు బాగయ్యాయనీ తెలుసు. తండ్రి ఇంకా రోడ్డు మీదే ఉన్నాడని కూడా తెలుసు. రేపూ ఉంటాడు, ఎల్లుండీ ఉంటాడు.

"ఒప్పే అమ్మా" అంది.

మంజుల ముఖం వెలిగింది. కోళ్లన్నీ రెక్కలు కొట్టుకుంటూ వచ్చి, గింజల కోసం ఆమె పాదాల మీదికే ఎక్కాయి.