ఓడెక్కిన బండి

బస్తర్‌లోని బచేలి టౌన్‌షిప్‌లో గవర్రాజును మెచ్చుకోని ఆడమనిషి లేదు. ఇనుప ఖనిజం గనిలో ఎలక్ట్రీషియన్. షిఫ్టు దిగి ఇంటికి రాగానే, ఎర్రదుమ్ము బట్టలైనా మార్చుకోకుండా భార్య సూర్యకాంతం మోకాళ్లకు కాపడం పెట్టేవాడు. జడ వేసేవాడు. అన్నం కలిపి ముద్దలు నోటికందించేవాడు. కీళ్లవాతంతో ఆమె కాళ్లు బిగుసుకుపోయి, చేతివేళ్లు వంకర తిరిగి చాలా ఏళ్లయింది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేయగలదు, అంతే. పక్క క్వార్టర్లలో ఆడవాళ్లు తమ మొగుళ్లను దెప్పాలంటే గవర్రాజు పేరే ఎత్తేవారు.

ఆ మెప్పు వినీ వినీ సూర్యకాంతానికి విసుగొచ్చింది. ఆయన మంచివాడు కాదని కాదు. కానీ తను ఎప్పుడు లేవాలో, ఎప్పుడు బాత్‌రూమ్‌కు వెళ్లాలో, ఏ కిటికీ దగ్గర కూర్చోవాలో అన్నీ ఆయనే నిర్ణయించేవాడు. కొన్నాళ్లు భీమే అనే గోండు మనిషి సాయానికి వచ్చేది. ఆమె సూర్యకాంతాన్ని చక్రాల కుర్చీలో సంతకు తోసుకెళ్లి, గోండీలో బేరాలాడి, పుట్టగొడుగులు కొని ఒళ్లో పెట్టేది. రెండోసారి సంతకు వెళ్లొచ్చిన సాయంత్రమే గవర్రాజు ఆమెను మానిపించాడు. దుమ్ము పడదన్నాడు, ఏదన్నా జరిగితే ఎవరు చూస్తారన్నాడు. రోజూ రెక్క పట్టుకుని లేపే మనిషికి ఎదురు చెప్పడం ఎలాగో సూర్యకాంతానికి తెలియలేదు.

వాళ్ల కూతురు మీనా జగదల్‌పూర్‌లో ఉంటుంది. అల్లుడు ముకేష్‌ది బస్తరే, నగర్‌నార్ ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం. తెలుగు రాదు గానీ అత్తగారంటే అభిమానం. నాన్న రిటైరయ్యేలోగా అమ్మను ఒక్కసారైనా బయటికి తీసుకెళ్లాలని మీనా పట్టుబట్టింది. ఎక్కడికెళ్తావమ్మా అంటే, సూర్యకాంతం తడుముకోకుండా ఓడెక్కుతానంది. పెళ్లికి ముందు భీమిలిలో పిన్నిగారింట్లో ఉన్నప్పుడు దూరంగా పోయే ఓడల్ని చూస్తూ పొద్దుపుచ్చేదట. విశాఖలో ఎక్కించుకుని, మూడు రోజులు సముద్రంలో తిప్పి, మళ్లీ విశాఖలోనే దింపే విహార నౌక ఒకటుందని మీనా కనుక్కుంది. ముకేష్ రాయపూర్ నుంచి బ్యాటరీ స్కూటర్ తెప్పించాడు. నడవలేనివాళ్లు ఇంటా బయటా నడుపుకునే నాలుగు చక్రాల చిన్న బండి అది. ఒక కుర్చీ, ముందు హ్యాండిల్, అరచేతి అంచుతో నొక్కినా కదిలే మీట. మడిస్తే రైల్లో సీట్ల మధ్య ఇమిడిపోతుంది.

గవర్రాజుకు ఆ బండి నచ్చలేదు. దాన్ని ఓడలోకి రానివ్వరన్నాడు. మీనా ఓడవాళ్లకు ఫోన్ చేసింది. యాసిడ్ కారని సీల్డ్ బ్యాటరీ అయితే తెచ్చుకోవచ్చనీ, వెడల్పు తలుపున్న గది ఇస్తామనీ, ఛార్జింగ్ మాత్రం గదిలోనే పెట్టుకోవాలనీ వాళ్లు చెప్పారు. అయినా వీల్‌చైర్ ఉండగా ఇదెందుకు, నేను తోస్తాను కదా అన్నాడాయన.

"మీరు తోస్తే మీరెళ్లే వైపే కదా నేనూ వెళ్లేది," అంది సూర్యకాంతం నవ్వుతూ.

ఆయన నవ్వలేదు.

చివరికి భార్యాభర్తలిద్దరే ఓడెక్కారు. మొదటిరోజు పొద్దున ఆమె బండిని రెండుసార్లు గోడకు గుద్దింది, ఒకసారి లిఫ్టు తలుపులో ఇరికించింది. మధ్యాహ్నానికి చెయ్యి తిరిగింది. గవర్రాజు స్నానానికి వెళ్లినప్పుడు గదిలోంచి బయటపడి, లిఫ్టెక్కి, ఒక్కతే పై డెక్కు మీదికి పోయింది. నాలుగువైపులా నీళ్లు. గాలికి చెంగు ఎగిరి ముఖాన పడితే తనే తీసుకుంది. పక్కన మనిషి లేకుండా ఆరుబయట ఉండి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోబోయి మానేసింది.

అక్కడే ఊర్మిల పరిచయమైంది. రాయపూర్‌లో టీచరు, చిన్నప్పుడే పోలియో వచ్చింది. ఆమెదీ ఇలాంటి బండే, కాకపోతే పాతది, హ్యాండిల్‌కు గంట కట్టి ఉంది. ఇద్దరూ హిందీలో కబుర్లు చెప్పుకుంటూ పక్కపక్కనే డెక్కు చుట్టూ తిరిగారు. రెండో చుట్టులో ఊర్మిల పందెం అంది. సూర్యకాంతం ఓడిపోయి పగలబడి నవ్వింది.

గవర్రాజు తడిజుట్టుతోనే ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు.

"చెప్పకుండా ఎక్కడికి పోయావు?"

"ఇక్కడికే," అంది.

రాత్రి భోజనాల దగ్గర ఊర్మిల చెంచా కాడకు గుడ్డ రుమాలు మందంగా చుట్టి ఇచ్చింది. వంకర వేళ్లలో అది నిలబడింది. సూర్యకాంతం నెమ్మదిగా, అక్కడక్కడా ఒలకబోసుకుంటూ తన అన్నం తను తింది. గవర్రాజు తన పళ్లెం ముందు చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ బల్ల దగ్గర ఆయన ఎవరో ఎవరికీ తెలియదు. మెచ్చుకోవడానికి ఆయన చేస్తున్నదీ ఏమీ లేదు.

మర్నాడు భోజనమయ్యాక ఆమె కాసేపు నడుం వాల్చింది. చిన్న చప్పుడుకు మెలకువ వచ్చింది. మంచానికి ఎదురుగా అలమరకు అద్దం ఉంది. అందులో గవర్రాజు కనిపించాడు. బండి సీటు పైకెత్తి, కిందికి చెయ్యిపెట్టి, ఒక వైరు కొసను పట్టు వదిలేదాకా లాగాడు. దాన్ని లోపలికి తోసి, సీటు దించి, పైన దుమ్ము దులిపినట్టు అరచేత్తో తుడిచాడు. తర్వాత వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. సూర్యకాంతం కళ్లు మూసుకుంది.

లేచాక, డెక్కు మీద ఊర్మిల ఎదురుచూస్తుంటుందంది. గవర్రాజు ఆమెను బండి మీద కూర్చోబెట్టాడు. స్విచ్ వేశాడు. లైటు వెలగలేదు. బ్యాటరీ పోయింది, ఈ చైనా సరుకింతే అన్నాడు. కిందికి వంగి చక్రాల దగ్గర ఏదో చూశాడు కూడా.

"మీరు ఎలక్ట్రీషియను కదా. బాగుచెయ్యలేరా?" అని అడిగింది.

ఇక్కడ సామానెక్కడిదన్నాడు. ఓడవాళ్లను అడిగి వీల్‌చైర్ తెచ్చాడు. ఆ సాయంత్రం ఆమె జడ విప్పి మళ్లీ అల్లాడు. భోజనాల దగ్గర అన్నం కలిపి, చల్లార్చి, ముద్దలు పెట్టాడు. బల్లకు అటువైపు కూర్చున్న ఒకావిడ తన భర్తను మోచేత్తో పొడిచి, చూసి నేర్చుకోమంది. గవర్రాజు సిగ్గుపడుతూ నవ్వాడు. ఓడెక్కాక ఆయన ముఖంలో నవ్వు రావడం అదే మొదలు. ఆ నవ్వు చూసి సూర్యకాంతానికి వైరు పీకినప్పటికంటే ఎక్కువ భయం వేసింది.

ఓడలో మెకానిక్కులుంటారు, చూపిద్దామని ఊర్మిల అంది. వారంటీ పోతుందని గవర్రాజు వద్దన్నాడు. సూర్యకాంతం నోరు విప్పలేదు. ఆయన మీద ప్రేమతో కాదు. గొడవ పడితే ఆ రాత్రి తనను బాత్‌రూమ్‌కు తీసుకెళ్లేది ఎవరన్న లెక్కతోనే ఊరుకుంది.

పొద్దున ఇంకోసారి అవకాశం ఇచ్చింది. ఒక్కసారి మళ్లీ చూడండి, ఏదన్నా ఊడిందేమో అంది.

"దాని గోల వదిలెయ్. నేనున్నాను కదా," అన్నాడు.

ఓడ రేవులో ఆగాక, ఆయన సామాను కోసం వెళ్లినప్పుడు సూర్యకాంతం ఊర్మిలను ఫోన్ అడిగి మీనాతో మాట్లాడింది. రేపు రైలు జగదల్‌పూర్ వచ్చేసరికి ముకేష్‌ను వెంటబెట్టుకుని స్టేషన్‌కు రమ్మంది. ఎందుకని అడిగితే రమ్మన్నానంతే అంది.

బచేలి మీదుగా కిరండూల్ పోయే రైల్లో ఆయన దారంతా ఆమెను కనిపెట్టుకునే ఉన్నాడు. అరకులో జామకాయలు కొని, గింజలు తీసి ముక్కలు పెట్టాడు. సొరంగం వచ్చినప్పుడల్లా ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె తింది, చెయ్యి వేయనిచ్చింది. జగదల్‌పూర్‌లో మీనా, ముకేష్ పెట్టెలోకి రాగానే తనను దింపమంది.

"ఏటిది? బచేలి ఇంకా చాలా దూరం," అన్నాడు గవర్రాజు.

"నేను దిగేది ఇక్కడే."

ముకేష్ ఆమెను ఎత్తుకుని దింపి ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఏమీ అర్థంకాక గవర్రాజు బండి పట్టుకుని వెనకాలే దిగాడు. అలవాటుగా దాన్ని విప్పి నిలబెట్టాడు.

"ఆ వైరు పెట్టండి," అంది సూర్యకాంతం.

"ఏ వైరు?"

"మీరు పీకింది."

ఆయన ముఖంలో రక్తం ఇంకిపోయింది. మీనా తండ్రిని, తల్లిని మార్చి మార్చి చూసింది. గవర్రాజు గొంతుకూర్చుని, సీటు ఎత్తి, తడుముకోకుండా వైరు తగిలించాడు. స్విచ్ వేస్తే లైటు వెలిగింది. తెలుగు తెలియని ముకేష్, బండి పనిచేసిందని సంబరంగా, "అరే, చల్ గయా!" అన్నాడు.

గవర్రాజు లేవలేదు. అలాగే కూర్చుని, బండి చక్రంతో చెబుతున్నట్టు చెప్పాడు. "నన్నొదిలేసి పోతావని భయమేసింది."

"పై అంతస్తుకే కదండీ పోయాను."

"ఇన్నేళ్లు నేను చేసిందంతా నీకేం కాదా?"

"చేశారు. అందుకే ఇన్నేళ్లు నోరెత్తలేదు. ఇంక నా వల్ల కాదు."

రైలు కూత వేసింది. మర్నాడు ఆయనకు డ్యూటీ ఉంది. మీనా ఉండిపొమ్మనలేదు. గవర్రాజు ఎక్కి తలుపు దగ్గర నిలబడ్డాడు. రైలు కదిలినా అక్కణ్నుంచి జరగలేదు.

బచేలి టౌన్‌షిప్‌లో అందరూ సూర్యకాంతాన్నే తిట్టిపోశారు. బంగారంలాంటి మొగుణ్ని ముసలితనంలో వదిలేసిందన్నారు. గవర్రాజు వైరు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు.

జగదల్‌పూర్‌లో ఆమె బతుకేమీ సుఖంగా లేదు. మీనా ఇంటి సందులో గుంతలూ, మూతలేని మురికి కాలువా ఉన్నాయి. బండి సందు చివర కిరాణా కొట్టు దాకా పోతుంది, అక్కడ ఆగిపోవాల్సిందే. బాత్‌రూమ్ తలుపు ఇరుకు. పొద్దున వచ్చే పనిమనిషికి ఓపిక తక్కువ. రెక్క పట్టి లాగినప్పుడు ప్రాణం పోయినంత నొప్పి పుడుతుంది. గవర్రాజు ఏ రోజూ అలా లాగలేదు. ఏ కీలు దగ్గర పట్టుకోవాలో, ఎంత బలం పెట్టాలో ఆయన చేతులకు తెలుసు. కొన్ని రోజులు ఆ చేతుల కోసం ఏడ్చింది. ఏడ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆయన సెలవు రోజుల్లో వచ్చేవాడు. ఒకసారి ఇంటికెప్పుడొస్తావని అడిగాడు.

"మళ్లీ పీకరని నేనెలా నమ్మేది?" అందామె.

పీకనని ఒక్క మాటంటే ఆయన వెంట వెళ్లిపోయేదేమో. ఆయన చాలాసేపు తన చేతులు చూసుకుని, టీ తాగకుండానే లేచి వెళ్లాడు.

రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి చోడవరంలో తమ్ముడి దగ్గరికి చేరాడు. అప్పుడప్పుడు మీనాకు ఫోన్ చేసి, అమ్మ తింటోందా, ఎవరు పెడుతున్నారు అని అడుగుతాడు. తనే తింటోంది నాన్నా అని మీనా చెబుతుంది. మాట్లాడతావా అని తల్లికి సైగ చేస్తుంది. సూర్యకాంతం ఎక్కువసార్లు తల అడ్డంగా ఊపుతుంది. ఎప్పుడైనా చెయ్యి చాపితే మీనా ఫోన్ ఆమె చెవి దగ్గర పెడుతుంది. ఇటు ఈమె మాట్లాడదు, అటు ఆయనా మాట్లాడడు. కాసేపు చూసి మీనా ఫోన్ తీసేసుకుంటుంది.