మూడో పంపు

ముల్లు మళ్ళీ పడింది.

పానకాలు చూడనట్టు నటించాడు. కళ్ళు రోడ్డు మీదే పెట్టి, గొంతు సవరించుకుని, వెనక లోడు ఎలా ఉందో చూసుకుంటున్నట్టు అద్దంలోకి తొంగి చూశాడు. ఇన్ని వేషాలు వేసినా లాభం లేకపోయింది. అవతలి సీట్లో కూర్చున్న పెళ్ళాం మల్లేశ్వరి చూడనే చూసింది.

“పడింది,” అంది.

“ఏంటి పడింది?”

“నా ఖర్మ పడింది. ముల్లయ్యా, ముల్లు! గీత కిందకి పోయింది చూడు.”

ఆ గీత గీసింది ఆవిడే. ఇంజనుకి డీజిల్ ఎంత జోరుగా అందుతోందో చెప్పే ప్రెషర్ మీటరది, స్టీరింగు పక్కన గుండ్రంగా ఉంటుంది. మార్టూరు మెకానిక్ అల్లాబక్షు దాన్ని బిగించి, ముల్లు ఇక్కడికన్నా దిగితే బండి తోలొద్దని వేలు పెట్టి చూపించాడు. మల్లేశ్వరి వెంటనే గోళ్ళరంగు సీసా తెచ్చి అక్కడ ఎర్రగా గీత గీసేసింది. ట్యాంకులో డీజిల్‌ని లాగి ఇంజను వైపు తోసేది లిఫ్ట్ పంపు. పంపు నీరసపడితే ముల్లు పడుతుంది, పానకాలుకి తెలిసిన శాస్త్రం అంతవరకే. అందుకే పత్తి సీజన్లో ఒకటి, సంక్రాంతి పోయాక ఒకటి, రెండు పంపులు మార్చాడు. ఇప్పుడున్నది మూడోది. దానికింకా కొత్త మెరుపైనా పోలేదు.

“పంపు కొత్తదే. మీటరుకే ఏదో మాయరోగం,” అని గాజు మీద వేలితో టకటకా కొట్టాడు. “ఇన్నేళ్ళుగా చెవులతో తోలుతున్నాను బండి. ఇంజను గొంతు నాకు తెలీదా?”

“ఎందుకు తెలీదూ! మొన్న పేట రోడ్డులో నడిమధ్య ఆగిపోయినప్పుడూ ఆ చెవులే ఉన్నాయి నీకు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే.”

వాళ్ళిద్దరి మధ్య ఇంజను డబ్బా మీద గోనెపట్టా వేసుకుని కూర్చున్న కోటిరత్నానికి ఒళ్ళు మండింది. “మీ మొగుడూ పెళ్ళాల కచ్చేరీ ఊరెళ్ళాక పెట్టుకోండి. ఒరేయ్ పానకాలూ, మబ్బు చూశావంట్రా? నెత్తి మీదకొచ్చేసింది.”

చూడకేం! పడమటి దిక్కంతా కుంపట్లో బొగ్గులా నల్లబడి ఉంది. పైన వినుకొండ వైపు పొద్దుటి నుంచీ కుండపోత అని ఫోన్లొస్తున్నాయి. వెనక లోడంతా కోటిరత్నం మిరపకాయలే. కౌలుకి పట్టిన నల్లరేగడిలో ఆవిడ ఏడాది కష్టమంతా ఆ గోనె టిక్కీల్లో ఉంది. కిందటేడు ఇలాగే ఎండాకాలంలో వానొచ్చి, కల్లంలో ఆరబోసిన కాయ ఆరబోసినట్టే నల్లబడి బూజు పట్టింది. ఆవిడ దాన్ని పారతో ఎత్తి గట్టు మీద పారబోసింది. ఈసారి మబ్బు పట్టగానే పొరుగు పిల్లాడు కదా అని పానకాలు లారీ పిలిచి, రెండో టార్పాలిన్ పట్టా కోసం కూడా ఆగకుండా లోడెక్కించేసింది. ఉన్న ఒక్క పట్టా చాలలేదు. వెనక మూడు వరసలు ఆకాశానికి మొహం పెట్టుకుని ఉన్నాయి. వాన పడేలోగా గుంటూరు కోల్డు స్టోరేజీలో చేరిస్తే ఆవిడ గట్టెక్కినట్టు, లేకపోతే ఈ ఏడూ పారే గతి.

“చేరుస్తా పిన్నీ. పూచీ నాది,” అన్నాడు పానకాలు. అనేసి యాక్సిలరేటరు తొక్కాడు.

తొక్కగానే ఇంజను దగ్గింది. చిన్న ఎత్తే అది, బస్తా వేసిన సైకిలైనా ఎక్కే ఎత్తు. అయినా బండి ఆయాసపడి సగంలో నిలబడిపోయింది. పానకాలు తిట్టుకుంటూ పక్కకి తీసి, ఫోను అందుకున్నాడు.

“మావా, ఈ మూడో పంపు కూడా డూప్లికేటేనా?” అంటూ పలకరింపు కూడా లేకుండా అల్లాబక్షు మీద పడ్డాడు.

“నీ నోట్లో మన్ను బొయ్య, ముందు బండి ఆపావా?”

“ఆపాను. ఇంజను ఆపలేదు.”

“ముల్లెక్కడుంది?”

చూశాడు. ఇందాక చచ్చిన పాములా పడున్న ముల్లు ఎర్రగీత దాటి దర్జాగా పైన నిలబడి ఉంది.

“లేచింది.”

“మరి పోయిన పంపయితే ఎట్టా లేస్తదిరా, వెర్రోడా? ఆగి ఊపిరి పీల్చుకుంటే బాగుపడటానికి అదేమన్నా మనిషా? పంపు లాగుతూనే ఉంది, దానికే అందట్లా. ట్యాంకులో ఏదో పడింది. నువ్వు జోరుగా తొక్కినప్పుడు వచ్చి పైపు మూతికి అతుక్కుంటంది, ఆపినప్పుడు ఊడి కిందకి పోతంది. ట్యాంకు మూత సరిగ్గా ఉందా?”

“ఉంది,” అన్నాడు పానకాలు.

మల్లేశ్వరి గిరుక్కున మొగుడి వైపు తిరిగింది. పానకాలు కిటికీ బయటికి చూశాడు.

“అయితే అక్కడే ఉండు. మోటారుసైకిలు మీద నేనే వస్తా. నేనొచ్చిందాకా తోలమాక,” అని పెట్టేశాడు అల్లాబక్షు.

ఉండేవాడే పానకాలు. కానీ పడమటి నుంచి చల్లటి గాలి ఒకటి వచ్చి పట్టా చెంగు ఎగరగొట్టింది, కోటిరత్నం వెనక అద్దంలోంచి తన టిక్కీల వైపు చూసింది. ఆ చూపు కన్నా ఆవిడ తిట్టినా బాగుండును. మెకానిక్ వచ్చేసరికి మిరపకాయలు పులుసవుతాయని గొణుక్కుంటూ బండి కదిలించాడు.

వాగు వచ్చింది. కొత్త బ్రిడ్జి స్తంభాల దాకా లేచి ఆగి ఉంది, దాని పక్కన దారి మళ్ళింపుకి వాగు అడుగునే వేసిన సిమెంటు చప్టా ఉంది. పొద్దున వచ్చేటప్పుడు ఎండి దుమ్ము లేచిన చప్టా ఇప్పుడు ఎర్రటి నీళ్ళ కింద ఉంది. అంచున పాతిన తెల్లరాళ్ళు సగానికి పైగా కనిపిస్తున్నాయి గనక లోతు పెద్దగా లేదు. కానీ నీళ్ళు చెత్తా చెదారం మోసుకుని బుసకొడుతూ వస్తున్నాయి. అవతలి ఒడ్డెక్కితే కాస్త దూరంలోనే హైవే.

“పోనీరా,” అంది కోటిరత్నం. “ఇంకాసేపాగితే ఇది కూడా మూసుకుపోద్ది.”

“అత్తా, ముల్లు చూడు! గీత మీద ఊగుతోంది. నీళ్ళ మధ్యలో ఆగితే?” మల్లేశ్వరి రెండు చేతులూ జోడించింది. “ఏమయ్యా, నీకు దణ్ణం పెడతా. వద్దు.”

ఎవరి మాట వినాలి? ముల్లు మాట, మెకానిక్ మాట, పెళ్ళాం మాట ఒకటే చెబుతున్నాయి. కానీ పూచీ అని నోరు జారిన మగాడికి ఇవేవీ వినపడవు గదా. చప్టా పొడుగు కళ్ళతో కొలిచి, “రెండు గుక్కల దూరం,” అని మొండిగా దించేశాడు పానకాలు.

సగం దాటాక ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ముల్లు గీత మీంచి జారి, అడుగుకి పోయి పడుకుంది. తర్వాత ఇంజను చప్పుడు లేదు, నీళ్ళ చప్పుడే.

పానకాలు తాళం తిప్పాడు. స్టార్టరు అరిచింది గానీ ఇంజను అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. ఈలోపు తెల్లరాళ్ళ వైపు చూసిన మల్లేశ్వరి, “మునుగుతున్నాయి,” అంది నెమ్మదిగా. అరిచినా అతనికి అంత భయం వేసేది కాదు.

తలుపు తీసి దిగాడు. నీళ్ళు మోకాలు దాటి తొడ మీదకొచ్చి తోశాయి. బండి పట్టుకుని ట్యాంకు దగ్గరికి పాక్కుంటూ పోయి, మూతిలో కుక్కిన గుడ్డ లాగాడు. అవును, గుడ్డే. ట్యాంకు మూతని పత్తి సీజన్లో ఏ జిన్నింగు మిల్లు ఆవరణలోనో ఎవడో కొట్టేశాడు. చుట్టూ పత్తి గుట్టలు ఉన్నాయి కదా అని పానకాలే గుప్పెడు దూది తీసి, గుడ్డలో చుట్టి బిరడాలా దూర్చేశాడు. ఆ సీజన్లో సగం లారీలకి అదే మూత. ఇప్పుడు గుడ్డ చేతికొచ్చింది గానీ లోపల దూది లేదు. చిరుగులోంచి కొంచెం కొంచెంగా అంతా ట్యాంకులోకి జారిపోయింది.

అల్లాబక్షు చెప్పింది ఇదే. రెండు మంచి పంపుల్ని పీకి పారేశాడు, అల్లాబక్షుని ఊరందరి ముందూ దొంగ సరుకు అమ్ముతున్నావన్నాడు. ఇప్పుడు తన పెళ్ళాన్నీ పిన్నినీ తెచ్చి వాగు మధ్యలో నిలబెట్టాడు. ఇదంతా గుప్పెడు దూది కోసం.

“మల్లీ! నీళ్ళ క్యాను వంచేసి తే! సీటు కింద రబ్బరు పైపుంది, అదీ తే!”

పూర్వం ఒకసారి చూసిన ఉపాయమే. ట్యాంకుని వదిలేసి, మంచి డీజిల్ వేరే క్యానులోకి పట్టి, పంపుకి నేరుగా దాన్నే తాగించాలి. మల్లేశ్వరి రెండూ పట్టుకుని దిగింది. క్యాను మూతి మీద చీర కొంగు నాలుగు మడతలు వేసి పట్టుకుంది, దూది వడగట్టడానికి. పానకాలు పైపు ట్యాంకులోకి దూర్చి నోటితో పీల్చాడు. డీజిల్ గొంతులో పడి మంటెత్తింది, ఉమ్మేశాడు. ధార కొంగు మీద పడి క్యానులోకి దిగడం మొదలైంది. నీళ్ళు ఆమె నడుము దాకా వచ్చాయి.

క్యాను సగం దాటింది. ఇక చాలు అనబోతుండగా ఒక మొద్దు కొట్టుకొచ్చి బండి కింద నుంచి దూరి ఆమె కాళ్ళకి తగిలింది.

కేక కూడా వినపడలేదు. మల్లేశ్వరి అమాంతం పక్కకి ఒరిగింది, కాలు చప్టా అంచు దాటింది. క్యాను మాత్రం వదల్లేదు, రెండు చేతులతో గుండెకి హత్తుకునే ఉంది. పానకాలు చెయ్యి చాచాడు, గాలే చిక్కింది. ఆ క్షణంలో కేబిన్ తలుపులోంచి కోటిరత్నం కిందకి వంగి జడ ఒడిసిపట్టుకుంది. మిరపకోతల్లో కాయలు కాసిన చెయ్యి అది, జడ జారనివ్వలేదు. “పట్టుకోరా సన్నాసీ!” అని ఆవిడ అరిచాక గానీ పానకాలుకి కాళ్ళు కదల్లేదు. పోయి పెళ్ళాం నడుము పట్టుకుని, క్యానుతో సహా పైకి తోశాడు.

తర్వాత చేసిందంతా చేతులే చేశాయి. ట్యాంకులోంచి పైపు లాక్కుని ఎక్కి, కేబిన్లోంచే ఇంజను డబ్బా ఎత్తి, ట్యాంకు నుంచి వచ్చే గొట్టం విప్పి, పంపుకి రబ్బరు పైపు తగిలించి, రెండో కొస క్యానులో వేశాడు. క్యాను ఎత్తులో ఉండాలి గనక మల్లేశ్వరి దాన్ని భుజం మీద పెట్టుకుని కూర్చుంది. గొట్టాల్లో పట్టిన గాలి పోయేదాకా చేతి పంపు కొట్టాడు. బుడగలు ఆగాయి. తాళం తిప్పాడు. ఇంజను ఒకసారి మూలిగి అందుకుంది. ముల్లు లేచి, ఎర్రగీత దాటి, ఇంకా పైకి పోయి కదలకుండా నిలబడింది. మూడో పంపు దివ్యంగా ఉంది.

చివరి తెల్లరాయి కూడా మునిగాక బండి అవతలి ఒడ్డెక్కింది.

ఎక్కుతూనే తొలి చినుకులు అద్దం మీద పడ్డాయి. పానకాలుకి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. “క్యానులో హైవే దాకా సరిపోను ఉంది పిన్నీ! బంకు రేకుల కిందకి తోలేస్తా. గట్టిగా తొక్కితే నీ కాయ తడవదు!”

“ఆపు,” అంది కోటిరత్నం.

“ఆపితే వెనక మూడు వరసలూ పోతాయి పిన్నీ!”

“ఆపమన్నానా!”

ఆపాడు. ఆవిడ అతని వైపు తిరిగి చెంప పగలగొట్టింది. ఒక్కటే దెబ్బ, కేబిన్లో గట్టిగా వినిపించింది.

“నేను పొమ్మంటే మాత్రం పోతావంట్రా? నాకు పంట తప్ప ఏం కనపడుద్ది? కడుపు మంట దాన్ని, పొమ్మంటా. నీకు ముల్లుందిగా! దణ్ణం పెట్టి వద్దన్న పెళ్ళాం ఉందిగా!” ఆవిడ తన అరచేతి వైపు చూసుకుంది. “నా చేతిలో జడ జారుంటే... ఆ కాయ నేనెట్టా అమ్ముకునేదాన్నిరా?”

పానకాలు అప్పుడు చూశాడు పెళ్ళాన్ని. క్యాను ఇంకా భుజం మీదే ఉంది. ఒళ్ళంతా డీజిలూ బురదా. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. “మల్లీ, దించవే,” అన్నాడు. ఆమె దించలేదు. వేళ్ళు బిగుసుకుపోయాయి, ఆమె చెప్పినా వినడం లేదు.

కోటిరత్నం ఆ వేళ్ళని ఒక్కొక్కటిగా విప్పి క్యాను తీసి పానకాలు చేతిలో పెట్టింది. తన పొడి కొంగుతో మల్లేశ్వరి మొహం, మెడ, చేతులు తుడవడం మొదలుపెట్టింది. అప్పుడు ఏడ్చింది మల్లేశ్వరి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి, కోటిరత్నం ఒళ్ళో తల పెట్టుకుని.

వాన పెరిగింది. పానకాలు దిగి, లోడెక్కి, చాలని పట్టాని వెనక్కి లాగుతూ పెనుగులాడాడు. ఎంత లాగినా ఒక వైపు కప్పితే ఇంకో వైపు తేలుతోంది. తడిసిన మిరపకాయ ఘాటు గాలిలో లేచి కళ్ళు మండించింది.

“పిన్నీ, తడుస్తున్నాయే!” అని పైనుంచి అరిచాడు, ఏడుపు గొంతుతో.

“తడవనీరా,” అంది కేబిన్లోంచి కోటిరత్నం. వెనక అద్దంలోకి చూడలేదు. మల్లేశ్వరి జుట్టు పిండుతూ కూర్చుంది.