బంతి గాల్లో ఉన్నంతసేపు

ఏ బస్సు ఎవరికి, ఏ రూటు ఎవరికి, సెలవు ఎవరికి, చీవాట్లు ఎవరికి అని జీవితమంతా డిపోలో డ్యూటీలు వేసి రిటైరైన మనిషి ఇంట్లో ఊరికే కూర్చోగలడా? కూర్చోలేడు. అందుకే నలుగురు గోల్ఫ్ నేస్తాల కొండ ప్రయాణం తాలూకు ఏర్పాట్లన్నీ తన నెత్తిన వేసుకున్నాడు టైంటేబుల్. ఆ పేరు డ్రైవర్లు పెట్టింది. ఇప్పుడు కోపమొస్తే ఇంట్లో ఆవిడ కూడా అదే పేరుతో సాధిస్తోంది కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం.

గోల్ఫ్ అనగానే కార్లు, కోట్లు అనుకునేరు. ఈ నలుగురూ ఆడేది మునిసిపాలిటీ మైదానంలో, ఆదివారం పొద్దున్నే, సగం ఎండిన గడ్డి మీద. టైంటేబుల్ కాక ఒకరు బేకరీ నడిపే ఆయన, ఒకరు పళ్ళ డాక్టరమ్మ. నాలుగో మనిషి, అందరికంటే పెద్దవాడు, టైంటేబుల్ భార్యకి సొంత అన్న. వాచీలు బాగుచేసే కొట్టు ఉండేది కాబట్టి అందరికీ ఆయన వాచీల బావే. ఈ రోజుల్లో వాచీలు పెట్టుకునేదెవరని నిరుడు ఆ కొట్టు మూసేశాడు.

వీళ్ళ ఆటకి ఒక రూలుంది, అదీ వాచీల బావ పెట్టిందే. ఎవరి బంతి వాళ్ళే చూసుకోవాలి, వాళ్ళే వెతుక్కోవాలి. పక్కవాడు వేలు చూపించకూడదు, నోరు మెదపకూడదు. దానికి కారణం బేకరీ ఆయన. తుప్పల్లో పడ్డ ఆయన బంతి ఎలాగో ఏమో ఎప్పుడూ చక్కటి గడ్డిమీదే దొరికేది. "అదుగో, అక్కడే పడింది, ఈయన కూడా చూశాడు" అని పక్కవాణ్ణి సాక్ష్యానికి లాగేవాడు. సాక్షులే లేకపోతే ఆయన పప్పులు ఉడకవని బావ ఈ రూలు తెచ్చాడు. పెట్టిన రోజు అందరూ పడీ పడీ నవ్వారు, తర్వాత అది శాసనమై కూర్చుంది.

కొండమీద మైదానం కూడా బావ కలే. కొట్టు గోడకి ఓ పాత క్యాలెండరు బొమ్మ ఉండేది. కొండ అంచున నిలబడి కొట్టాలి, ఆడే గడ్డి ఎక్కడో కింద లోయలో పచ్చగా ఉంటుంది. కంటికి భూతద్దం బిగించుకుని పనిచేస్తూ మధ్యమధ్యలో తలెత్తి దానికేసి చూసేవాడు. "ఒక్కసారి అక్కణ్ణుంచి కొట్టాలి బావా. కొట్టడం సరే, అది కిందికి దిగేదాకా చూడాలి. ఎంతసేపు గాల్లో ఉంటుందో ఏమో" అనేవాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు.

అలాంటి మనిషి, తీరా అందరికీ తీరిక కుదిరాక, నేను రానన్నాడు.

"మోకాలు బావా. కొండమీద ఎగుడుదిగుళ్ళు నా వల్ల కాదు."

టైంటేబుల్ మర్నాటికల్లా బ్యాటరీ బండి మాట్లాడేశాడు. చలి పడదన్నాడు బావ. హీటరున్న గది, అదీ కింది అంతస్తులో, ఖాయమైంది. మీ గురకల మధ్య నిద్రపట్టదన్నాడు. విడి గది వచ్చింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపులో తిప్పుతుందన్నాడు. డిపోలో పూలబుట్ట మోస్తున్నంత మెత్తగా బస్సు నడుపుతాడని పేరున్న డ్రైవరు దొరికాడు, ముందు సీటు బావకి రాసిపెట్టారు.

డిపోలో ఆయన పద్ధతి ఇదే. కారణం చెప్పు, కారణాన్ని నేను తీసేస్తాను, డ్యూటీ ఎక్కు. సెలవడిగేవాడి మొహంకేసి కూడా ఓసారి చూడాలని పాపం ఆయనకెవరూ నేర్పలేదు. ఒక్కో అడ్డం తొలగిస్తుంటే ఆయనకి చెప్పలేనంత హుషారుగా ఉండేది. అవతలి మనిషి మాటలు మాత్రం రోజురోజుకీ తగ్గిపోయాయి. చివరికి ఆదివారం ఆటకి రావడం, ఫోను ఎత్తడం కూడా మానేశాడు.

టైంటేబుల్ అంతటితో ఆగితే బాగుండేది. కొండ మానేసి, ఏటి ఒడ్డున నున్నటి మైదానం ఏదో ఉందట, అక్కడికి పోదామన్నాడు. బేకరీలో, రొట్టెల ట్రేల పక్కన నిలబడి ఈ మాటనేసరికి డాక్టరమ్మ ఒంటికాలిమీద లేచింది.

"ఆయన మోకాలికోసమా? మొన్న మా క్లినిక్కి వచ్చారు. నాకంటే ముందు మెట్లెక్కేశారండీ. ఎవరి చెవిలో పూలు పెడుతున్నారు?"

"నీమీదేదో కోపం ఉండుంటుంది. అందుకే తప్పించుకుంటున్నాడు. ఏమన్నావో గుర్తు తెచ్చుకో" అన్నాడు బేకరీ ఆయన, చేతులకున్న పిండి దులుపుకుంటూ.

ఆ మాట టైంటేబుల్ గుండెల్లో దిగబడింది. దారంతా, బావతో తను ఎప్పుడెప్పుడు ఏమన్నాడో అన్నీ తవ్వి పోసుకున్నాడు. మోకాలు అబద్ధమైతే హీటరూ అబద్ధమే, గురకా అబద్ధమే. తను మాత్రం పిచ్చివాడిలా ఊరంతా తిరిగాడు. ఇంటికొచ్చేసరికి బాధ కాస్తా కోపమైంది.

"మీ అన్నయ్యకి నేనంటే గిట్టడం లేదు" అన్నాడు భార్యతో.

"మా అన్నయ్యకి మీమీద కోపమొస్తే మొహంమీదే అంటాడు. దాచుకునే రకం కాదు" అంది ఆవిడ. "పొద్దునపూట ప్రాక్టీసు మైదానానికి వెళ్తున్నాడట, వదిన చెప్పింది. ఎవరూ ఉండనప్పుడు చూసి మరీ వెళ్తున్నాడట. మీరూ వెళ్ళండి. వెళ్ళి ఏర్పాట్లు చెయ్యకండి, అడగండి."

మర్నాడు టైంటేబుల్ నడిచి వెళ్ళాడు. దొంగని పట్టుకోవాలనే వెళ్ళాడు, దాచడమెందుకు. ప్రాక్టీసు మైదానంలో వాచీల బావ ఒక్కడే ఉన్నాడు. టైంటేబుల్ వెనకనుంచి చప్పుడు చెయ్యకుండా వెళ్ళి, పట్టేశానోయ్ అనబోయి ఆగిపోయాడు.

బావ బుట్టలోంచి ఒక బంతి తీశాడు. కింద పెట్టాక, అది నిలబడిందో లేదో వేళ్ళతో తడిమి చూసుకున్నాడు. తర్వాత కర్రని బంతి దాకా పాకించి, తగిలిందని నమ్మకం కుదిరాక, మొహం పక్కకి తిప్పి నిలబడ్డాడు. పైకెత్తిన కర్ర ఎప్పట్లాగే అందంగా తిరిగింది. టక్కుమంది. బంతి కుడికి జారిపోయి కంచె కింద తుప్పల్లో దూరింది. బావ దానికేసి చూడలేదు. తల ఓ పక్కకి వంచి వింటూ ఉండిపోయాడు.

చిన్న చిన్న పళ్ళచక్రాలని పట్టకారుతో ఎత్తి కూర్చిన వేళ్ళు ఇంత లావు బంతిని తడుముకోవడం చూసి టైంటేబుల్‌కి సంగతి అర్థమైంది. తెచ్చుకున్న కోపం ఏమైందో తెలీదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి నోటికొచ్చింది అనేశాడు.

"భలే కొట్టావు బావా! తిన్నగా ఆ చివర బోర్డు దాకా పోయింది."

బావ ఉలిక్కిపడ్డాడు. గొంతు పోల్చుకుని మెల్లగా ఇటు తిరిగాడు.

"చప్పుడు నేనూ విన్నాను. కర్ర అంచుకి తగిలింది. కుడికి పోయుంటుంది."

టైంటేబుల్ కంచె కింద తుప్పలకేసి చూశాడు.

"చూశావా? అందుకే రానన్నాను" అన్నాడు బావ. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "తెలిస్తే మీరు ముగ్గురూ ఇలాగే మొదలెడతారు. భలే భలే అంటారు. బంతి తుప్పల్లో ఉన్నా జెండా దగ్గరే ఉందంటారు. చిన్నపిల్లాణ్ణి ఆడించినట్టు ఆడిస్తారు. దానికంటే ఇంట్లో కూర్చోవడం నయం."

"ఎప్పణ్ణుంచి బావా?"

"కొట్టు మూసినప్పణ్ణుంచి. జనం వాచీలు పెట్టుకోకపోవడమేంటి, నీ మొహం. నాకే లోపలి చక్రాలు కనపడ్డం మానేశాయి. ఈమధ్య చూపులో నట్టనడిమి భాగం పూర్తిగా పోయింది, చుట్టూ అంచులు మిగిలాయి. పక్కకి తిరిగితే బంతి తెల్ల మచ్చలా కనబడుతుంది. గాల్లోకి లేచాక ఇంకేం కనపడదు. ఇంతకంటే బాగుపడదన్నాడు డాక్టరు."

"మాకెందుకు చెప్పలేదు?"

"చెప్పనిస్తేగా? నేను మోకాలంటే బండి తెస్తివి, చలంటే హీటరు తెస్తివి. కళ్ళంటే ఏం తెస్తావు?"

టైంటేబుల్ తేగలిగింది నిజంగానే ఏమీ లేదు. డిపోలో అయినా, బయటయినా, సర్దుబాటు చెయ్యలేనిది ఎదురుపడడం ఆయనకి ఇదే మొదలు. ఏడుపొచ్చింది, ఏడిస్తే బావకి గొంతులో తెలిసిపోతుందని ఆపుకున్నాడు.

"కొండమీద నిలబడి కొట్టాలని కాదు నా ఆశ. చూడాలని" అన్నాడు బావ. "ఇప్పుడక్కడికొచ్చి ఏం చెయ్యను? పైగా ఎవరి బంతి వాళ్ళే చూసుకోవాలని రూలాయె. మీ నోళ్ళు కట్టేసింది నేనేగా."

టైంటేబుల్ వంగి బుట్టలోంచి ఒక బంతి తీసి పెట్టాడు. "కొట్టు."

"ఇందాకటిలా అబద్ధం చెప్పడానికా?"

"చెప్పను. నీ చెల్లెలి మీద ఒట్టు."

"దాన్నెందుకు మధ్యలో లాగుతావు" అని గొణుగుతూనే బావ కర్ర చక్కబెట్టుకున్నాడు. మొహం పక్కకి తిప్పాడు. కొట్టాడు.

"లేచింది" అన్నాడు టైంటేబుల్. "లేస్తోంది. ఇంకా లేస్తోంది బావా, ఆ దీపస్తంభం దాటింది. ఇప్పుడు తిన్నగా పోతోంది. ఆగు, ఎడమకి తిరుగుతోంది. ఇంకా గాల్లోనే ఉంది. దిగుతోంది. దిగుతోంది. ఛీ ఛీ! పోయి పోయి నీళ్ళ గుంటలో పడింది. ఇంత చెత్త షాటు బేకరీ ఆయన కూడా కొట్టడు."

వాచీల బావ మొహం పైకెత్తి నిలబడ్డాడు. బంతి గాల్లో ఉన్నంతసేపూ ఆయన మెడ దాంతోపాటే మెల్లగా ఎడమకి తిరిగింది, నీళ్ళలో పడిందనగానే ఆగింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు, తుడుచుకున్నా మళ్ళీ తడిశాయి. టైంటేబుల్ తనవి తుడుచుకోలేదు, ఎటూ ఆయనకి కనపడవు.

"నీళ్ళలోనే పడిందా? నిజంగా?"

"బుడుంగున. కప్పలు కూడా బెదిరిపోయాయి."

బావ చెయ్యి చాచి వెతికాడు. టైంటేబుల్ భుజం దొరికింది, దానిమీద బరువుగా ఆనుకున్నాడు.

"సరే" అన్నాడు. "బస్సు ఎన్నింటికి?"