తలుపుకాడి గొంతు

పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు పాడే ఢోలక్ పాటలు క్యాసెట్లుగా అమ్ముడుపోయిన రోజులవి. కరీంనగర్‌లోని ఆ చిన్న స్టూడియోలో అందరికీ కలిపి ఒకటే మైకు. సన్నగొంతుల వాళ్ళు మైకు ముందు, పెద్దగొంతుల వాళ్ళు వెనక. వజీరున్నీసాను మాత్రం ఏకంగా తలుపు దగ్గర నిలబెట్టేవారు. ఏ క్యాసెట్ మీదా ఆమె పేరు వేయలేదు గానీ, ఆ తలుపు సంగతి ఆమె వెయ్యిసార్లు చెప్పుకుంది. ఢోలక్ వాయించిన ముజఫ్ఫర్ అలీ మనిషిని కాదు, గొంతును చూసి నిఖా చేసుకున్నాడని చుట్టాలు ఇప్పటికీ ఆటపట్టిస్తారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఇప్పుడు ఇద్దరూ గల్ఫ్‌లో, అల్ మన్సూరాలో కొడుకు అద్నాన్ ఫ్లాట్‌లో ఉంటున్నారు. మనవరాలు శిఫా తన పెళ్ళి మెహందీకి దాదీ పాటే కావాలని పట్టుబట్టింది. గుంపులో పాడే ఓపిక దాదీకి లేదు కనుక ముందే ఫోన్‌లో రికార్డు చేద్దామంది. కానీ మొన్నటి జబ్బుతో ఆ గొంతు పీలగా అయిపోయింది. అది ఇంట్లో అందరికీ తెలుసు, ఆమెకు తప్ప. ముజఫ్ఫర్ అలీ నమ్మకం అదే.

అద్నాన్ డ్యూటీకి పోయాక శిఫా ఏసీ ఆపి, ఫోన్‌ను బల్ల మీద ఆనించింది. వజీరున్నీసా దుపట్టా సర్దుకుని, నేరుగా వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది.

శిఫా నోరు తెరవబోతే ముసలాయన కళ్ళతోనే వారించాడు. ముందుకు రమ్మంటే ఆమె ఇక జన్మలో పాడదు.

ఆమె ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని పాట అందుకుంది. ఆయన ఫోన్ తీసుకుని పిల్లిలా నడిచి వెళ్ళి, ఆమె గడ్డం కింద పట్టుకున్నాడు. చెయ్యి నొప్పితో లాగుతున్నా పాటంతా అలాగే నిలబడి, చివరి మాటకు ఫోన్‌తో సహా బల్ల దగ్గరికి చేరుకున్నాడు.

ముగ్గురూ రికార్డు విన్నారు. గొంతు నిండుగా పలికింది.

"సూసినవా బిడ్డా, ఇప్పటికీ నాది తలుపుకాడి గొంతే," అంది వజీరున్నీసా.

ముజఫ్ఫర్ అలీకి ప్రాణం లేచొచ్చింది.

"నడుమ నడుమ ఏదో గాలి సప్పుడొస్తుంది దాదీ. తీసేస్త," అంది శిఫా.

"తియ్యకు. అది మీ దాదా ఊపిరి. అప్పట్ల నా పాటల ఆయన ఢోలక్ ఉండె. ఇప్పుడు గిదన్న ఉండనియ్యి."

ముసలాయన తలెత్తలేకపోయాడు. ఆమె పక్కన కూర్చుని, ఆయన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, నొప్పి పుట్టిన మణికట్టును మెల్లగా ఒత్తసాగింది.